చెవులు కట్టలేదు

సైకాలజీ ప్రాక్టికల్‌కు ఒక మనిషి కావాలన్నరు.
మా నాయిన ఈదయ్యను కూసోబెట్టిన,
మిర్యాలగూడల మిల్లు వెనక, తౌడు గుట్ట నీడల,
సద్ది తిన్నంక, బీడీ ముట్టియ్యక ముందు.

నాకు తుమ్ములాగలేదు.
"ఏమైంది?" అన్నడు.
"తౌడు వాసన నాయినా."
ముక్కు ఎగబీల్చి చూసిండు:
"ఏ వాసన?"

తువ్వాలతోని కండ్లు కట్టిన.
అరచేతిల కిలో బాటు పెట్టి
మీద ఒక్కొక్క బోల్టు చేర్చుకుంట అడిగిన,
బరువైందా?
లే.
ఇప్పుడు?
లే బిడ్డా.
మూడో బోల్టుకు మణికట్టు కొంచెం ఒంగింది.

పుస్తకంల ఉన్నది ఇదే.
ఖాళీ చెయ్యికి చింతగింజ తెలుస్తది,
మోస్తున్న భుజానికి కిలో తెల్వది.
ఇది రికార్డుల రాస్తుంటే పెన్ను ఆగింది.
యాభై కిలోల బస్తా
అదే కూలికి యాభై ఒకటిన్నర అయినప్పుడు
మునీంకు ఈ పాఠం ఎవరు చెప్పిన్రు?

నాయిన తువ్వాల ఇప్పుకున్నడు.
"గిది గాదు పరీక్ష, రా."

లారీకి ఆనిచ్చిన బల్ల.
సైదులు, నేను ఆరు బస్తాలు తూకమేసి
అడుగున సుద్దతోని గుర్తు పెట్టినం.
నాయిన ఒక్కొక్కటే ఎక్కిచ్చి వచ్చిండు.
"రెండోదాంట్ల, అయిదోదాంట్ల ఎక్కువుంది."
తిరగేసి చూస్తే
రెండు, అయిదు.

"భుజానికి తెలిసిందా నాయినా?"
"భుజానికేం తెలుస్తది, అది పొద్దుగాలనే మొద్దుబారె.
బల్ల జెప్పింది.
యాభైకి నడిమిట్ల ఒక్కపారి కిర్రంటది.
ఎక్కువుంటే
కిర్రని, ఆగి, మల్లొక్కపారి."

నేను కండ్లు కట్టిన.
చెవులు మర్చిపోయిన.
ఆ సంగతే చివర్ల రాస్తే
మేడం ఎర్ర ఇంకుతోని గీత కొట్టింది:
ప్రయోగానికి సంబంధం లేదు.
ఇరవైకి పదమూడు.

పోయిన నెల మిల్లుల ఇనుప బల్ల ఏసిన్రు.
కుక్క ఎక్కినా, బస్తా ఎక్కినా
దానిది ఒకటే మోత.
రెండు దినాలు నాయిన
తల ఒక పక్కకు వాల్చి నడిచిండు,
చెవిటాయన లెక్క.
సైదులు నవ్విండట.

మూడో దినం
చెప్పులు కిందిడిసి
ఒట్టి కాళ్లతోని ఎక్కిండు.
ఎండకు ఆ ఇనుము ఎట్ల కాలుతదో
నేను చెయ్యి పెట్టి చూసిన.