చేతికి గడువు

దుబాయి, ఆగస్టు, రాత్రి రెండుంబావు.
డిపో వెనక టెస్ట్ ట్రాకు మీద ఖాళీ రైలు.
బయటి ఉక్కకి ముందు అద్దం చెమర్చి
దీపాలన్నీ అలుక్కుపోయాయి.

పగలంతా ఈ ముందు సీటు పిల్లలది.
లేని స్టీరింగు తిప్పుతారు,
నోటితో హారను కొడతారు,
రైలు వాళ్ల మాటే విన్నట్టు వంపు తిరుగుతుంది.
వెనక యూనిఫాంలో నిలబడి పోశెట్టి నవ్వుకుంటాడు.
తనంతట తాను పోయే బండికి
ఇతను డ్రైవరు.

ఇప్పుడు మూత తాళం తీశాడు.
నా ఒళ్లో టాబ్లెట్.
ఆ పిడి ముట్టి నూట డెబ్భై ఒక్క రోజులు.
నూట ఎనభై దాటితే
పేరు పక్కన ఎర్ర చుక్క.

"సిగ్నల్ పోయింది. రెండు స్టేషన్ల మధ్య ఆగావు.
లోపల నాలుగొందల మంది. కానివ్వు."

చెయ్యి పిడి దాకా వెళ్లి
ఆగింది.
పదకొండు సెకన్లు.
నా కాగితంలో ఎనిమిదే.

"మా అమ్మ టీవీ సూసుకుంటనే బీడీలు సుడుతుండె మేడం.
ఆకు దిక్కు సూడకపోతుండె. చేతికి ఎర్కుంటది."

నిజమే పోశెట్టీ.
బీడీలు రోజుకి వెయ్యి.
ఇది ఏడాదికి రెండుసార్లు.

తర్వాత తప్పేం లేదు.
కంట్రోలుకి చెప్పాడు, వాళ్లు చెప్పింది తిరిగి అప్పజెప్పాడు,
తలుపులు ఒక్కొక్కటే చూసుకున్నాడు.
మనిషి నడకకన్నా కాస్త వేగంగా పోనిచ్చి
పొయ్యి మీంచి పాలగిన్నె దించినట్టు
రైలుని ప్లాట్‌ఫాం పక్కన ఆపాడు.
మధ్యలో మైకు తీసి ఖాళీ సీట్లకి
అరబ్బీలో చెప్పాడు, ఇంగ్లీషులో, హిందీలో.
ఆఖర్న, ఎవరూ అడగని తెలుగులో,
"భయపడకుండ్రి, నేనున్న."

ఫారంలో దానికి గడి లేదు.

ఏసీ ఆగిన పెట్టెలో, ఈ నెలలో,
పదకొండు సెకన్లంటే ఎంతో నాకు తెలుసు.
'ఇంకా కాదు' అన్నచోట నొక్కాను.
తొమ్మిది రోజులుంది, రోజూ రాత్రి రమ్మన్నాను.

ముఖం ముడుచుకోలేదు.
"లెక్కవెట్టిన మేడం, నాక్కూడా పదకొండే వచ్చినయ్."

కిందికి జరిపితే ఇంకో పేరు, పసుపు చుక్కతో.
నాదే.
పరీక్షలు పెట్టీ పెట్టీ
నేను నడిపి ఎన్నాళ్లయిందో చూసుకోలేదు.

అతను తెరమీదకి తొంగిచూసి
ఏమీ అనకుండా లేచి పక్కకి నిలబడ్డాడు,
తాళంచెవి అక్కడే వదిలి.

పిడి చల్లగా ఉంది.
ఎన్ని సెకన్లు పట్టిందో
వెనక నిలబడి లెక్కపెట్టే ఉంటాడు.
చెప్పలేదు.