అయిదో సంచి

టార్టూలో మూడున్నరకే చీకటి.
రెండు పల్చటి పొరల అంచులు కాల్చి అతికించి
చెంచాడు సోయానూనె పోసింది హెయిలీ.
మోటారు లేదు,
గేరుపళ్ల కొరుకుడు లేదు.
పైనా కిందా పూసిన నల్లటి పూతలు
కరెంటు తగలగానే ఒకదాన్నొకటి లాక్కుంటాయి,
నడుమ ఇరుక్కున్న నూనె
చోటు వెతుక్కుంటూ పక్కకి జరుగుతుంది.
ఆ జరగడమే కండ.

నిన్న నాలుగు సంచులు పోయాయి.
టప్పున చిన్న చప్పుడు, సూదిమొనంత బెజ్జం,
గదంతా పోపు మాడిన వాసన.

ఇవాళ అయిదోది
కోడిగుడ్డుని పట్టుకుంది, పగలగొట్టలేదు.
అయినా హెయిలీ మొహం విప్పారలేదు:
నొప్పెట్టిందో లేదో గుడ్డు చెప్పదుగా!

లేత్ ఆపి వచ్చాడు ఎండెల్.
ముప్ఫయ్యేళ్ల కిందట రంపపుమిల్లు తినేసిన
చూపుడువేలి మొండిని బల్లమీద పెట్టాడు.
"దీనికి పెట్టు.
చేతితొడుగులో ఊలుపోగు తగిలినా
ఓర్చుకోదిది."

ఆరువేల వోల్టులు.
మీట మీద ఆమె వేలే ముందు వణికింది.
లోపల నూనె కదిలింది.
సంచి ఒక పక్కకి ఉబ్బి
ఆ మొండి చుట్టూ మెల్లగా ముడుచుకుంది.

ఎండెల్ ఏమీ అనలేదు.
కిటికీ అవతల మంచు తోడే బండి ఒకటి
రోడ్డుని గీక్కుంటూ పోయింది.
"తీసెయ్యనా?"
"ఉండనీ," అన్నాడు,
"ఇంకాస్త గట్టిగా."