కే మీట

జ్రెన్యానిన్‌లో బయట మంచు.
పళ్ళసెట్లు చేసే నా బల్ల మీద
మైనం, సుద్దపిండి, ఎవరిదో కింది దవడ అచ్చు,
వాటి మధ్య అరచేతంత డబ్బా,
బొటనవేళ్ళతో నొక్కే చిట్టి మీటలు.
దాని తెరలో
గలాక్సియా కళ్ళు తెరిచింది.
నల్లటి చీకట్లో తెల్లగా ఒక్క మాట: రెడీ.

మేం దాన్ని కొనలేదు.
ఎనభై నాలుగులో పత్రికవాళ్ళు బొమ్మ గీసిచ్చి
మీరే చేసుకోండి అన్నారు, ఊరగాయ కొలతలు చెప్పినట్టు.
చిప్పులు మా మేనత్త ట్రియెస్టే నుంచి
కాఫీ పొట్లం అడుగున దాచి తెచ్చింది.
పెట్టె మాత్రం మా ఇంటిదే,
తాతయ్య తేనెటీగల గూటి పలక.
వేడెక్కితే తేనెమైనం వాసన.

అన్న ఒగ్న్యెన్ అతుకులు వేసేవాడు,
నేను టార్చి పట్టేదాన్ని.
వాడికి పద్నాలుగు, నాకు పదకొండు.
కే మీట దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయింది,
సీసం సగంలో చల్లారింది.
అప్పట్నించీ కే ఒక్క నొక్కుకి పలికేది కాదు.
రెండుసార్లు నొక్కాలి. రెండోది గట్టిగా,
నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు.

రాత్రుళ్ళు రేడియోలో ప్రోగ్రాములు వచ్చేవి,
పాటలయ్యాక కీచుమని ఒకటే గోల.
దాన్ని క్యాసెట్లోకి పట్టాలి.
"ఎవరి పీక నొక్కుతున్నారర్రా?" అంటూ
అమ్మ వసారాలో లైటు వేసిందంటే
ఆ టక్కు కూడా టేపులోకెక్కి
చంద్రుడి మీదికెళ్ళే నౌక బయల్దేరకుండానే చచ్చేది.

దానికి తెలిసిన ఫిర్యాదులు మూడే.
నువ్వన్నది అర్థం కాకపోతే, వాట్?
అర్థమయీ చేతకాకపోతే, హౌ?
చోటు చాలకపోతే, సారీ.
మా ఇంట్లో ఇంత ముక్కుసూటిగా
ఇంకెవరూ మాట్లాడగా నేను వినలేదు.

తొంభై మూడులో
పొద్దుటి నోటుకి సాయంత్రానికి సున్నాలు పుట్టుకొస్తుంటే
అన్న దాన్ని అమ్మేశాడు,
ఎనిమిది లీటర్ల పొద్దుతిరుగుడు నూనెకి.
నన్నడగలేదు.
ఆ నూనెలో వేగినవి నేనూ తిన్నాను.
తర్వాత మాటలేమీ మానలేదు మేం.
కరెంటు బిల్లు, అమ్మ మోకాళ్ళు, బెగేయ్ నదిలో నీటిమట్టం.
ఆ పెట్టె ఊసొక్కటే ఎత్తలేదు.

మూడు నెలలు రాత్రుళ్ళు పంటి బిగువున
ఒక్కో ఆజ్ఞే దిద్దుకుంటూ
దాన్ని ఈ డబ్బాలో కూర్చోబెట్టాను.
మొదట మరీ పరుగు.
నేను రెప్ప వేసేలోపే నౌక చంద్రుణ్ణి గుద్దుకుంది.
పగ్గం వేశాను.
పాతది క్షణానికి యాభైసార్లు తన ముఖం తానే గీసుకుని
మిగిలిన సందులో లెక్కలు చేసేది.
ఆ తీరికలేనితనం కూడా నేర్పాను.
అన్నీ కుదిరాయి.
కుదిరాక చూస్తే ఎవరింటిదో అనిపించింది.
కే ఒక్క నొక్కుకే పలుకుతోంది మరి.

తెల్లవారుజామున ఇంకో నాలుగు వరుసలు రాశాను.
నా చేత్తో, కావాలని పెట్టిన లోపం అదొక్కటే.

గురువారం అన్న వచ్చాడు, పై పళ్ళ కొలతకి.
నోటినిండా అచ్చుముద్ద,
నాలుగు నిమిషాలు మాట్లాడకూడదు.
డబ్బా చేతిలో పెట్టాను, ఏమీ చెప్పలేదు.
రెడీ అన్న మాట కేసి చాలాసేపు చూశాడు.
తర్వాత కొట్టడం మొదలెట్టాడు:
కాకో సి. ఎలా ఉన్నావని.
రెండు కేలు అందులో.
ఒక్కో కే దగ్గర వాడి బొటనవేలు
ఆగలేదు, వెతకలేదు.
ఒకసారి. మళ్ళీ, గట్టిగా.

యంత్రం తడుముకోకుండా అంది:
వాట్?

అన్న భుజాలు కదిలాయి.
నవ్వొద్దురా, నవ్వకు, అంటూ
నేను దవడ పట్టుకుని నవ్వుతున్నాను.
అచ్చు పాడైంది.
వచ్చే గురువారం మళ్ళీ తీయాలి.