అస్తరు

ఉప్పుగూడ రైలు గేటు పక్క సందుల
మగ్గం కర్రల నడుమ ఫోను నిలబెట్టినం,
జరీ రీలుకు ఆనించి.
తహసీన్ ఆపా అటు, నేను ఇటు,
నడుమ ఎవరిదో పెండ్లి జాకెట్టు, మెరూన్ రంగుది.
చేతులు బట్ట మీద, కండ్లు చైనాల.

నలభై ఎపిసోడ్లు. పదహారు రోజుల్ల ఒడగొట్టినం.

ముందుగాల అంగీల సంగతి చెప్పాలె.
ఆ పిల్ల గాలిల నడిచొస్తుంటే
అంగీ చేతులు ఆమె కన్న జర ఆలస్యంగ వస్తయి.
అంచుల పొంటి మేఘాలు కుట్టిన్రు,
పోగు మీద పోగు, ముడి కనపడకుంట.
ఫోను ఆపి, వేళ్లతోటి పెద్దగ చేసి చూసినం.
మిషన్ పని కాదు, అన్నది ఆపా.
ఏ ఊరి ఆడోళ్లో, కండ్లు మసకబారేటట్టు కుట్టిన్రు.
ఆఖర్ల పేర్లు పైకి పోతుంటే
ఆ చదవరాని అక్షరాలకు ఇద్దరం సలాం కొట్టినం.

డ్రాగన్ మాత్రం, ఏం చెప్పాలె,
నుమాయిష్‌ల అమ్మే గాలిబుగ్గ లెక్కున్నది.
మూడు లోకాలు గజగజ వణుకుతున్నయంట.
మాకు దాని మూతి చూసి నవ్వాగలే,
నా వేలికి సూది గుచ్చుకున్నది.

తెలుగు డబ్బింగ్ ఇంకో తమాషా.
దేవుడేమో "నిను వీడి క్షణమైననూ మనజాలను" అంటడు,
పక్కనున్న సేవకుడు "సరే బాస్" అంటడు.
ఆపాకు రెండూ సమజ్ కాలే.
"ఇనేచ్ హోనా బోల్‌రా" అని చెప్పిన.
మూడు వేల ఏండ్ల ప్రేమ మూడు మాటల్ల తేలిపోయింది.

పన్నెండు నుంచి ఇరవై ఆరు దాంక సాగదీసిన్రు.
ఏటవాలు కోసిన బట్ట, పట్టుకున్నకాడల్లా సాగుతది.
పిల్లకు రెండుసార్లు యాది పోయింది.
మొదటిసారి ఏడ్చినం.
రెండోసారి ఆపా లేచి చాయ్ పెట్టింది.

అసలు కోపం అది గూడ కాదు.
మొదట్ల ఆ పిల్ల కత్తి పట్టుకొని
ఒక్కతే మంచుకోట తలుపులు పగలగొట్టింది.
ప్రేమించినంక మూర్ఛపోవుడే పని.
ఆయన ఎత్తుకొని పోతుంటడు, పోతనే ఉంటడు.
కత్తి ఏ ఎపిసోడ్‌ల జారిపోయిందో ఎవరూ ఎతకలే.
పైబట్ట మస్తు మెరిసింది. అస్తరు వెయ్యలే.

గని ఆ సాగుడు నడుమల్నే పంతొమ్మిదోది ఉన్నది.
అండ్ల ఏం కాదు. వాన పడుతది.
చినిగిన ఆమె అంగీ చెయ్యి ఆయన కుడతానంటడు.
అంత పెద్ద దేవునికి సూదిల దారం ఎక్కదు.
ఒకసారి. రెండుసార్లు. కొస తడిచేసి మళ్ల.
ఆమె చూస్తది. నవ్వది, గుంజుకోది, సాయం చెయ్యది.
మాటల్లేవు, సంగీతం గూడ ఆపిన్రు.
మా సూదులు వాటంతట అవే ఆగినయ్.
బయట ఫలక్‌నుమా లోకల్ పోయింది,
మెరూన్ బట్ట మీద కిటికీ వెలుగులు ఉరికినయ్.
"మా ఆయన గూడ ఓసారి..." అని మొదలుపెట్టి
ఆపా కింద పడ్డ పూసలు ఏరుకున్నది.
నేను అడగలే.

చివరి రెండూ ఆగమాగం.
యుద్ధం, శాపం, చావు, మళ్ల బతుకుడు,
అన్నీ ఒక్క గంటల మడిచి టాకాలు వేసిన్రు.
విలన్ ఏమయిండో మతికే లేదు వాళ్లకు.
నోటికొచ్చినట్టు తిట్టుడు షురూ చేసిన,
గిట్లనేనా ముగించేది, గింత కష్టపడి అని.

ఆపా మాట్లాడలే.
మగ్గం కిందికెల్లి చెయ్యి పెట్టి
జాకెట్టు ఎడమ భుజం కాడ తడుముకుంట పోయింది,
ఒకచోట ఆగింది.
నిన్న రాత్రి పన్నెండు దాటినంక నేను కుట్టిన జాగ.
ఎల్లుండే హల్దీ అని ఫోన్ మీద ఫోన్ కొట్టిన్రు కదా,
పెద్ద పెద్ద కుట్లు, వంకరవి.
"ఆళ్ల గడపల గూడ ఎవరో నిలబడి ఉంటరు తీ"
అన్నది, చెయ్యి తీసుకుంట.

విప్పి మళ్ల కుట్టిన.
ఇంకొంచెం దారం మిగిలింది.
వెనక, మెడ కింద, జడ కప్పేసే కాడ
ఎవరూ అడగని మేఘం ఒకటి.

తీసుకపోను వచ్చిన పెండ్లిపిల్ల తల్లి
అద్దాలు సవరించుకొని అడిగింది, గిదేం పువ్వమ్మా?
పువ్వే అనుకోండ్రి, అన్న.