మునిగే ఇటుక

వేసవి సెలవుల్లో మేమూ వెళ్ళాం,
యునెస్కో వాళ్ళు కొత్తగా జాబితాకెక్కించిన గుడికి.
ఆమదాలవలసలో అర్ధరాత్రి రైలు,
వరంగల్లో ఇడ్లీ, పాలంపేటకి బస్సు,
పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా అత్త నిద్ర.

రామప్పలో రాయి పెనంలా కాలుతోంది.
చెప్పులు విప్పి నీడ నుంచి నీడకి గెంతాం.
నాట్యం మధ్యలో ఆగిన రాతి అమ్మాయి పక్కన
ఫోటోకి వరస. మా వంతు వచ్చేసరికి
మా ఆవిడ కళ్ళు మూసుకుంది.
గైడు గోపురం కేసి చెయ్యెత్తి
"ఆ ఇటుకలు నీళ్ళలో తేలతాయి" అన్నాడు.
ఒక ముక్కైనా చేతిలో పెడతాడేమోనని
మోక్షిత చాలాసేపు దోసిలి పట్టే ఉంది.

తిరుగు రైల్లో అదే గోల:
"మన ఇటుకలు తేలవా నాన్నా?"

మన ఇటుకలు!
గుజరాతీపేటలో బట్టల కొట్టు పద్దులు రాసేవాణ్ణి.
కళింగపట్నం బస్సు ఎన్నిసార్లు ఎక్కానో,
శాలిహుండం దగ్గర ఒక్కసారీ దిగలేదు.

ఆదివారం దిగాం.
వరస లేదు. గైడు లేడు.
మెట్ల మీద మేకలు,
మేకల వెనక చీపురుతో తవిటయ్య.
"ఏటి బాబూ, దారి తప్పినారేటి?"
"చూద్దామనే వచ్చాం."
నమ్మలేదు. మా అత్త మోకాళ్ళకేసి, నీళ్ళ సీసాకేసి చూసి
అప్పుడు చీపురు గోడకానించాడు.

పైన ఎర్రిటుకల చక్రం,
బండి ఎటో వెళ్ళిపోయి ఇదొక్కటే మిగిలినట్టు.
కింద వంశధార, నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ.
ఆ చివర, సముద్రమే అనుకోవాల్సిన నీలం.

ఎవరు కట్టారని నేనడిగేలోపే
"ఇట్రా గుంటా, నీకొకటి సూపిత్తాను" అని
వంగి ఒక ఇటుక మీద దుమ్ము ఊదాడు.
మేకపిల్ల గిట్ట.
రెండు చింతపిక్కలు పక్కపక్కన అద్దినట్టు.
పచ్చి ఇటుకలు ఆరబెట్టిన చోట
అదిలించేలోగా తొక్కి పారిపోయింది.
ఎవరో ఆ ఇటుకని పారెయ్యలేదు.
కాల్చారు, కొండెక్కించారు, వరసలో పెట్టారు.

మోక్షిత బొటనవేలు పెట్టి చూసింది. పట్టింది.
"తాతా, ఇది తేలుతుందా?"
"తేల్డమా! బుడుంగున ములిగిపోద్ది.
తేలీదైతే ఏ ఒరదకో
కళింగపట్నం ఎల్లిపోయుండేదే."

ఈ కొండ ఏ జాబితాలో ఉందోనని
నేను ఫోన్లో వెతుకుతున్నాను. సిగ్నల్ లేదు.
"అయ్యన్నీ నాకు తెల్దు బాబూ" అన్నాడు తవిటయ్య,
"పొద్దున్న ఊడుత్తాను, సాయంత్రానికి మల్లీ మేకలే."

దిగేటప్పుడు సంతకాల పుస్తకం తెచ్చాడు.
మా పైన పేరు పదకొండు రోజుల నాటిది.
ఊరు: కొలంబో.
నా పేరు రాశాను. ఊరు అన్న గడి దగ్గర ఆగాను.
'శ్రీకాకుళం' ఇంత చిన్న అక్షరాల్లో
నేనెప్పుడూ రాయలేదు.

అభిప్రాయం గడిలో మోక్షిత రాసింది:
"మేక బావుంది."
తవిటయ్య అది రెండుసార్లు చదివించుకున్నాడు.
వెనక మెట్లెక్కుతున్న మేకల్ని
అదిలించడం మర్చిపోయాడు.