దీర్ఘం

కాళంగి యేటికి అవతల, కేవీబీ పురం దాటినాక,
ఇరవై మూడు గుడిసెల మిట్ట మీద
రోవర్ నిలబెట్టి
ఉపగ్రహం పలికేదాకా ఎండలో కాచుకున్నా.
రీసర్వే రెండో నెల.

ట్యాబులో ఊరి పేరు: ఉదారమిట్ట.
రోడ్డు పక్క పచ్చబోర్డు మీదా అదే.
కింది ఊళ్లో గోవిందసామి నాయుడు
మజ్జిగ పోయించి మరీ చెప్పాడు:
ధాతు కరువు నాడు వాళ్ల తాతకు తాత
ఈ మిట్టని యానాదులకి దానమిచ్చాడట.
ఉదారుడు. అందుకని ఉదారమిట్ట.
మజ్జిగలో అల్లం బాగా పడింది.
ఊ కొట్టాను.

హద్దురాయి దొరక్క తిరుగుతుంటే చెంగమ్మ వచ్చింది.
తంగేడు పొద కింద, ఇదిగో ఇక్కడని
మడమతో తట్టి చూపించింది.
"పేరేం రాసుకుంటా ఉండావు సామీ?"
చదివాను.
"ఉదారం గాదు. ఊదర."

గుడిసెలోంచి కుండ తెచ్చింది.
అడుగున బెజ్జం, మూతి చుట్టూ
ఎవరూ కడగని మసి.
ఎండుగడ్డి కూరి, నిప్పు పెట్టి,
మూతి కలుగుకు ఆనించి, బెజ్జంలో ఊదాలి.
ఎలక పని అయిపోయాక తవ్వితే
లోపలి అరలో వరివెన్నులు,
కొడవలి కోసినంత శుభ్రంగా.

"ఆ కరువులో నేల మీద గింజ లేదు,
నేల కింద ఉండాది.
మా అవ్వకి అవ్వ పొద్దుగూకులూ ఊదేదంట.
చీకటి పడినాక కింది ఊరి ఆడోళ్లు
పైట చాటున చేట దాచుకోని వచ్చేటోళ్లంట.
ఎవురి కోడళ్లో నేను జెప్పను.
తిన్నోళ్ల పేరు జెప్పకూడదు."

సాయంత్రం ఆఫీసులో పాత డైగ్లాట్ తీశాను.
చెదలు తిన్నంత తిని వదిలిన పేజీ.
ఎడమన ఇంగ్లీషు,
మన అచ్చుల పొడవు తెలియని ఐదక్షరాలు.
దొర సరిగానే విన్నాడేమో.
కుడిపక్క తెలుగులోకి తిప్పిన గుమాస్తా
తప్పిపోయిన దీర్ఘాన్ని వెతికి
తనకి తోచిన అక్షరానికి తగిలించాడు.
మొదటి దానికి కాదు, రెండో దానికి.
అంతే,
పొగ కాస్తా దానమైంది.
ఊదిన నోరు మాయమై
ఇచ్చిన చెయ్యి మొలిచింది.

పేరు సవరణకి ఒక నమూనా ఉంది.
ఏడో కాలమ్: ఆధారం.
కుండ అని రాయొచ్చా? మసి అని?

మర్నాడు చెప్పాను, పేరు మార్పిస్తానని.
చెంగమ్మ కుక్కకి కూడు కలుపుతా ఉంది.
"ఉండనీలే సామీ, ఉదారమన్నా అబద్ధం గాదు.
ఎవురిదని అడిగేటోళ్లు లేరు, అంతే.
పేరుదేముండాది, మా హద్దు సరింగా రాయి.
ఆ తంగేడి కాడికి."

తంగేడి కాడికే రాశాను.
రోవర్ మూడుసార్లు పలికింది.
ఆ తర్వాత, ఎవరూ చూడనప్పుడు,
పేరు గడిలో ఉన్నది చెరిపి
ఊ కొట్టాను.
చార్జింగ్ నాలుగు శాతం ఉంది.