పొయ్యిలో పిల్లి

గ్రిమ్స్‌బీ రేవు వెనక, మెథడిస్టు చర్చి హాల్లో
బుధవారం పదింటికి షట్టరెత్తుతాం.
అప్పటికే గోడ వారన వరుస.
నలభై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాణ్ణి,
వరుసలు నాకు కొత్త కాదు.
బస్సు కోసం నిలబడ్డవాళ్లు రోడ్డు కేసి చూస్తారు.
వీళ్లు తమ బూట్లు చూసుకుంటారు.

నా పని కాగితం నింపడం.
పేరు, వీధి, ఇంట్లో ఎందరు, పసివాళ్ల డైపర్ల సైజు.
ఇవన్నీ తేలిక.
ఆఖరు ప్రశ్న దగ్గరే కలం మొరాయిస్తుంది:
"వండుకునే వీలుందా?"

పొయ్యి ఉంటే వంట ఉంటుందనుకునేవాణ్ణి.
హిల్డా నేర్పింది.
చేపల షెడ్డులో ముప్పై ఏళ్లు కాడ్ చేపలు కోసి
రెండు వేళ్లు సగానికి పోగొట్టుకున్న హిల్డా
మూడు అలమరలు చూపించింది.
పొయ్యి వెలిగేవాళ్లకు బంగాళాదుంపలు, బియ్యం, ఎండు బఠానీలు.
కెటిల్ ఒక్కటే ఉన్నవాళ్లకు
వేన్నీళ్లు పోస్తే ఉబ్బే నూడుల్స్, సూపు పొడి.
అదీ లేనివాళ్లకు చల్లని పెట్టె:
బిస్కెట్లు, మూత లాగితే ఊడొచ్చే సార్డీన్ డబ్బా.
"డబ్బా కోసే కత్తి ఉందా అని మాత్రం అడక్కు," అంది.
"లేదనే అనుకో."

ఫిబ్రవరిలో కీరన్ వచ్చాడు.
గాలిమరల రెక్కలు దించే యార్డులో రాత్రి పని,
పిలిస్తే కూలి, పిలవకపోతే నిద్ర.
వెంట అయిదేళ్ల పిల్ల,
ఒక చేతికి ఎర్ర గ్లవ్, ఇంకో చేతికి నాన్న సాక్సు.
వండుకునే వీలుందా?
"ఉందండీ," అన్నాడు, నడుం నిటారుగా పెట్టి.
కూతురు వింటోంది మరి.
బరువు పెట్టె భుజానికెత్తుకుని వానలోకి దిగాడు.

మూడోనాడు గుమ్మంలో ఒక సంచి.
నేనిచ్చిన దుంపలే.
కడిగి, తుడిచి, చెక్కు చెదరకుండా సర్ది ఉన్నాయి.
రొట్టె కాగితం వెనక రెండు వాక్యాలు:
"ఇవి ఉడకాలంటే మీటర్లో డబ్బులు వెయ్యాలి.
పాడవకముందే ఎవరికైనా ఇవ్వండి."

వాళ్లింట పొయ్యిలో పిల్లి లేవలేదు.
మీటరు పెట్టెలో ముడుచుకు పడుకుని
ఎర్ర అంకెల కళ్లు మిటకరించి చూస్తోంది.
దానికి కాపలా భయం లేని ఎలుకలు
ఆ పిల్ల కడుపులో
రాత్రంతా పరుగులు తీసే ఉంటాయి.

నా కాగితం మీద ఆఖరు ప్రశ్న కొట్టేశాను.
ఇప్పుడు ఇలా అంటున్నాను:
"కెటిల్ పెట్టెలో ఏప్రికాట్ కేకు కూడా ఉంది,
పిల్లలు ఇష్టంగా తింటున్నారు, అదిచ్చేదా?"
ఉన్నవాళ్లూ లేనివాళ్లూ
ఒకేలా తలూపడానికి వీలుగా.

ఆ దుంపల్ని హిల్డా హాలు వంటింట్లో ఉడకేసింది.
ఉప్పు, మిరియాలు, ఒక ముద్ద వెన్న.
కాగితం కప్పుల్లో వరుసంతా పంచింది.
ఆ ఆవిరికి మొదటిసారి
ఒకళ్లిద్దరు బూట్ల మీంచి కళ్లెత్తారు.
ఒకాయన ఇంకో కప్పు అడిగాడు, అడిగినందుకు నవ్వాడు.

మార్చి ఆఖర్న మీటింగు.
టై కట్టుకొచ్చిన పెద్దమనిషి లెక్క చదివాడు:
పోయినేడు పదకొండు టన్నులు పంచారు, ఈ ఏడు పంతొమ్మిది.
చప్పట్లు. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ.
హిల్డా చేతులు ఒళ్లోంచి కదల్లేదు.
"కారే చూరు కింద గిన్నె నిండిందని సంబరమా?
పైకెక్కి పెంకు మార్చేదెవరు?" అంది,
వినపడేంత గట్టిగానే.
టీ చల్లారిపోయింది. కుర్చీలు మడతపెట్టాం.

కీరన్ మళ్లీ రాలేదు.
రాకపోవడం మంచి కబురో కాదో
రాసుకోవడానికి మా కాగితంలో గడి లేదు.

సాయంత్రాలు అతని వీధి మీదుగా ఇంటికి నడుస్తాను, చుట్టుదారే అయినా.
ఏ వంటింటి అద్దానికైనా ఆవిరి పట్టిందా అని చూస్తాను.
కొన్నిళ్లకు పడుతుంది.
అతనిల్లు ఏదో నేను కాగితం మీద రాసుకున్నాను గాని
తలుపు నంబరు చూడకుండానే
వీధి దాటేస్తాను.